గొంతు దిగేదాకా

స్ట్రోక్ వచ్చాక మా ఆయన మొదటిసారి బయటికెళ్లి భోంచేద్దామన్నప్పుడు నేను మెత్తగా ఉడికించిన అన్నాన్ని పప్పుతో కలిపి మిక్సీలో తిప్పుతున్నాను. ఆ చప్పుడులో వినపడనట్టు ఊరుకున్నాను. మిక్సీ ఆగేదాకా ఆయనా ఊరుకుని, ఆగాక మళ్లీ అదే మాట అన్నారు.

"ఈ ఫ్రైడే అవతలికి వెళ్దాం. ఆ లెబనీస్ వాళ్లు కిందకి షిఫ్ట్ అయ్యారట కదా. మనం చూడనే లేదు."

అవతల అంటే హార్బర్‌కి అవతల. మేం ఉండేది డార్ట్‌మత్ ఒడ్డున. ఫెర్రీ ఎక్కి దిగితే హాలిఫాక్స్. చూద్దాంలెండి అన్నాను. నేను చూద్దామంటే వద్దనే అర్థమని ఆయనకి తెలుసు.

మేము ఈ ఊరు వచ్చిన కొత్తలో ఆ ఒడ్డున పెద్దగా ఏమీ ఉండేది కాదు. పార్కింగ్ స్థలాలు, తుప్పు పట్టిన కంచెలు, వేసవిలో టూరిస్టుల కోసం తెరిచి చలి మొదలవగానే తలుపులేసుకునే నాలుగు కొట్లు. న్యూజెర్సీలో వీధికో ఇండియన్ హోటల్ ఉన్నచోట బతికి వచ్చినవాళ్లం. ఆయనకి ఇక్కడ ఒక ఇన్సూరెన్స్ కంపెనీలో ఐటీ ఉద్యోగం, నాకు ఆసుపత్రి ల్యాబ్‌లో పని. మొదటి చలికాలం ఊరంతా నిద్రపోతున్నట్టుండేది. ఆ తర్వాత ఏడాదికేడాది ఒడ్డు మారుతూ వచ్చింది. క్రేన్లు లేచాయి. చెక్క పలకల నడకదారి పొడుగైంది. గాజు మేడలు వచ్చాయి, వాటి కింది అంతస్తుల్లో హోటళ్లు వచ్చాయి. అప్పటిదాకా పైన గుట్టమీది వీధుల్లో ఇరుకు గదుల్లో వండిపెడుతున్న వలస కుటుంబాలు ఒక్కొక్కటే నీళ్ల దగ్గరికి దిగాయి.

మా ఆయనది కాకినాడ. తిండి మీద ఆయనకున్న ఇష్టం ఆకలికి సంబంధించింది కాదు, మనుషులకి సంబంధించింది. కొత్త హోటల్ తెరిచారని తెలిస్తే ఆగలేరు. శుక్రవారం సాయంత్రం ఫెర్రీలో అవతలికి వెళ్లడం మా ఇంట్లో పండగలా ఉండేది. కూర్చోగానే మెనూ పక్కన పెట్టి, "మీ ఇంట్లో ఇవాళ ఏం వండుకున్నారు?" అని అడిగేవారు. వియత్నాం వాళ్ల దగ్గర అలాగే అడిగి, వాళ్లు తమ కోసం పక్కన పొయ్యిమీద పెట్టుకున్న చేపల పులుసు తిన్నారు. ఈ ఊరివాళ్లు ప్రాణం పెట్టే డొనేర్‌ని మొదటిసారి తిన్నప్పుడు, రొట్టెలో చుట్టిన మాంసం మీద తియ్యటి పాల సాస్ చూసి, "మిల్క్‌మెయిడ్ డబ్బా మాంసం మీద ఒలకబోసుకున్న మహానుభావుడెవరో" అని నవ్వారు. నెల తిరక్కుండా దానికే అలవాటు పడిపోయారు. లెబనాన్ నుంచి వచ్చిన కుటుంబం నడిపే హోటల్ మాత్రం మాకు సొంతిల్లులాంటిది. అక్కడ కాల్చిన వంకాయని నువ్వుల ముద్దతో నూరి పెడతారు. అది తిన్న ప్రతిసారీ ఆయన, ఇందులో పోపు మర్చిపోయారు, అంతే, అనేవారు.

ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆయన బాత్రూమ్‌లో గడ్డం గీసుకుంటూ నన్ను పిలిచారు. పిలుపు ముద్దగా వచ్చింది. వెళ్లి చూస్తే చెంప మీద సగం నురుగు అలాగే ఉంది, మూతి ఒక పక్కకి జారిపోయింది. బయట మంచు మోకాళ్ల లోతున ఉంది. అంబులెన్స్ వాళ్లు మా గుమ్మం దాకా రావడానికి పార పట్టుకుని దారి చేసుకోవాల్సి వచ్చింది. తీసుకెళ్లింది నేను పనిచేసే ఆసుపత్రికే. ఆయన రక్తం మా ల్యాబ్‌కే వచ్చింది. ఆ రోజు డ్యూటీలో ఉన్న అమ్మాయి గొట్టం మీద ఇంటిపేరు చూసి, ఏమీ అనలేక నాకు మెసేజ్ పెట్టింది.

చెయ్యి తిరిగి వచ్చింది. కాలు వచ్చింది. మాట కొంచెం మందంగానైనా వచ్చింది. రానిది మింగడం.

దానికి ఒక పరీక్ష చేశారు. ఎక్స్‌రేలో కనిపించే తెల్లటి మందు కలిపిన నీళ్లు, పెరుగు, బిస్కెట్ ముక్క ఒక్కోటీ తినిపిస్తూ గొంతు లోపల ఏం జరుగుతోందో తెరమీద చూస్తారు. మింగడం నేర్పే థెరపిస్ట్ నన్నూ లోపలికి రానిచ్చింది. ఆ నీళ్లు తాగించినప్పుడు తెరమీద నల్లగా కనిపించే మందు చార రెండుగా చీలింది. ఒకటి కడుపువైపు పోయింది. రెండోది సన్నగా, దారంలా ఊపిరిగొట్టంలోకి జారింది. ఆయన దగ్గలేదు. మామూలుగా కూర్చుని, అయిపోయిందా అన్నట్టు మా వైపు చూశారు. లోపలికి పోయిన సంగతి ఆయనకే తెలియలేదని థెరపిస్ట్ చెప్పింది. అలా పోయినవి ఊపిరితిత్తుల్లో చేరితే న్యుమోనియా వస్తుందనీ చెప్పింది. ఆ దారం నా కళ్లలోంచి పోలేదు. పనిలో మైక్రోస్కోప్‌లోకి వంగినా అదే కనిపించేది.

అప్పటినుంచి మా ఇంట్లో నీళ్లు నీళ్లలా లేవు. ఒక పొడి కలిపి, తేనెలా చిక్కబడ్డాక చెంచాతో తాగాలి. అన్నం మెతుకులు విడివిడిగా ఉంటాయి కాబట్టి ప్రమాదం. చారన్నం అయితే మరీను, నీళ్లు ఒకదారిన మెతుకులు ఒకదారిన పోతాయట. పుట్టినప్పటినుంచి తిన్నదే ఆయనకి శత్రువైంది. ప్రతి ముద్దకీ గడ్డం ఛాతీకి ఆనించి మింగాలి, మింగాక ఇంకోసారి మింగాలి. తినేటప్పుడు మాట్లాడకూడదు. తిన్నాక అరగంట నిటారుగా కూర్చోవాలి.

నేను ఎదురుగా కూర్చుని ఆయన గొంతు చూసేదాన్ని. గొంతుముడి పైకి లేచి కిందకి దిగితే ఒక ముద్ద అయినట్టు. దిగాక నేను ఊపిరి పీల్చుకునేదాన్ని. తిండి సరిగా దిగలేదన్నట్టు గొంతులో తడి శబ్దం వస్తే ఆపించేదాన్ని. ఆయన తినడం అయ్యాక నేను వంటగట్టు దగ్గర నిలబడే ఏదో తినేసేదాన్ని. ఏం తిన్నానని అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఆయన తినలేనిదేదీ ఇంట్లో వండకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. మా చిన్నప్పుడు ఎవరికైనా పొలమారితే నెత్తిమీద తట్టి, ఎవరో తలుచుకుంటున్నారు నిన్ను, అనేవాళ్లు పెద్దవాళ్లు. ఇప్పుడు పొలమారడమన్న మాట తలపుకి వస్తేనే అరచేతులు చెమర్చేవి.

మా అమ్మాయి లండన్‌లో చదువుకుంటోంది. ఇంగ్లండ్‌ది కాదు, ఒంటారియోలో ఉన్న లండన్. వాళ్ల నాన్న దానికి ఫోన్ చేసి హోటల్ సంగతి చెప్పినట్టున్నారు. అది నాకు ఫోన్ చేసి, "అమ్మా, జస్ట్ టేక్ హిమ్. హీ మిసెస్ పీపుల్, నాట్ ఫుడ్," అంది. నాకు కోపం వచ్చింది. తెరమీద ఆ దారాన్ని చూసింది నేను, అది కాదు.

అయినా శుక్రవారం వెళ్లాం. వెళ్లే ముందు నేను హోటల్‌కి ఫోన్ చేసి, హమ్మస్, అంటే ఆ ఉడికించిన శనగల ముద్ద, దాని పైన శనగగింజలు చల్లుతారా, వంకాయలో ముక్కలు మిగులుతాయా, అన్నీ అడిగాను. హోటల్ యజమానురాలు మాకు తెలిసిన మనిషే. వాళ్ల అమ్మానాన్నలు లెబనాన్‌లో యుద్ధం నడిచే రోజుల్లో ఇక్కడికి వచ్చి గుట్టమీద ఆ హోటల్ పెట్టారు. ఇప్పుడు ఈవిడ నడుపుతోంది. నేను స్ట్రోక్ సంగతి చెప్పాను. తీసుకురండి, గోడ పక్క టేబుల్ ఉంచుతాను, అంది. చేతిసంచిలో పొడి డబ్బా, చిన్న చెంచా, తడి టిష్యూలు పెట్టుకున్నాను.

ఫెర్రీలో ఆయన పైన డెక్ మీదే నిలబడ్డారు. గాలికి మెడ చుట్టూ ఉన్న మఫ్లర్ ఎగురుతోంది. మఫ్లర్ సరిచేయబోతే చెయ్యి పక్కకి తీసేసి, ఎదురుగా ఒడ్డుమీద కొత్తగా లేస్తున్న భవనాన్ని చూపించి, దాని కింద ఏ దేశం వాళ్ల హోటల్ వస్తుందో అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయన గొంతులో పాత హుషారు విన్నాను. సంతోషించాల్సింది. గాలికి గొంతు ఆరిపోతుందేమో, ఆరితే మింగడం కష్టమవుతుందేమో అన్న ఆలోచన తప్ప నాకు ఇంకేమీ రాలేదు.

హోటల్ కిటకిటలాడుతోంది. పాత చోట ఉన్నన్ని రోజులు పది మంది కూర్చుంటే నిండిపోయేది. ఇక్కడ పైకప్పు ఎత్తు, గోడంతా గాజు, దాని అవతల నీళ్లు. గ్లాసుల చప్పుడు, నవ్వులు, పసిపిల్లల ఏడుపు. యజమానురాలు వచ్చి ఆయన రెండు చేతులూ పట్టుకుంది. ఆయన అలవాటుగా, మీ ఇంట్లో ఇవాళ ఏం వండారు, అని అడిగారు. ఆ ప్రశ్న పూర్తి చేయడానికి ఆయనకి మునుపటికంటే ఎక్కువసేపు పట్టింది. ఆవిడ ఓపిగ్గా విని, ఇవాళ మా ఇంట్లో ఎవరం వండలేదు, అందరం ఇక్కడే పడి ఉన్నాం, అంది.

హమ్మస్ వచ్చింది. వడకట్టిన పెరుగు వచ్చింది. వంకాయ వచ్చింది, మధ్యలో గుంట చేసి ఆలివ్ నూనె పోసి. రొట్టె నేను నా వైపు లాగేసుకున్నాను. ఆయన చెంచా కొసతో వంకాయ తీసుకుని, గడ్డం కిందకి వంచి మింగారు. ఇంకోసారి మింగారు. కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయారు. నేను గొంతు చూస్తున్నాను. చుట్టూ అంత చప్పుడులో తడి శబ్దం వినపడదని అప్పుడు తట్టింది నాకు. ముందుకు వంగి చెవి దగ్గరగా పెట్టాను. పక్క టేబుల్ మీది ముసలి దంపతులు మమ్మల్ని చూసి చిరునవ్వు నవ్వారు. మేమేదో రహస్యం చెప్పుకుంటున్నామనుకుని ఉంటారు.

సగం దాకా బాగానే సాగింది. అప్పుడు యజమానురాలు మళ్లీ వచ్చి, వాళ్ల నాన్న మొదటిసారి డొనేర్ సాస్ కలిపినప్పుడు చక్కెర బదులు ఉప్పు పోసిన కథ చెప్పింది. మా ఆయన నవ్వారు. నవ్వుతూనే చెయ్యి చాచి ఎదురుగా ఉన్న గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగారు. అది నా గ్లాసు. అందులో ఉన్నవి మామూలు నీళ్లు.

దగ్గు మొదలైంది. మొహం ఎర్రబడింది. కళ్లలో నీళ్లు. నేను కుర్చీ వెనక్కి పడేలా లేచాను. పక్క టేబుల్ ముసలాయన పాపం తన నీళ్ల గ్లాసు అందించబోయాడు. ఆయనకి నీళ్లివ్వద్దు, అని ఇంగ్లీషులో అరిచాను. నా గొంతు అంత పెద్దగా ఉంటుందని నాకే తెలియదు. హోటల్లో అందరూ చెంచాలు ఆపి మావైపు తిరిగారు. ఎవరో అంబులెన్స్ పిలవాలా అన్నారు. ఆయన దగ్గుతూనే ఒక చెయ్యి ఎత్తి, ఆగు, ఆగు, అన్నట్టు నావైపు ఊపుతున్నారు. నేను వీపు మీద చరుస్తున్నాను. అలా చరచకూడదని థెరపిస్ట్ చెప్పింది, అయినా చరుస్తున్నాను. కాసేపటికి దగ్గు తగ్గింది. ఆయన టిష్యూతో మొహం తుడుచుకుని, చెంచా మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

నేను ఆ చెంచా లాక్కుని సంచిలో వేసుకున్నాను. పదండి, ఇంటికి పోదాం, అన్నాను. వంకాయ సగం ఇంకా ప్లేటులోనే ఉంది. ఆయన ప్లేటు వైపు చూశారు, నా వైపు చూశారు, లేచి కోటు వేసుకున్నారు. గుండీలు పెట్టుకోవడానికి ఆయనకి చాలాసేపు పడుతుంది. అంతసేపూ నేను సంచి పట్టుకుని నిలబడ్డాను.

తిరుగు ఫెర్రీలో ఆయన లోపల కూర్చున్నారు. నేను ప్రతి శ్వాసా వింటూ పక్కన కూర్చున్నాను. జ్వరం వస్తుందేమోనని అప్పటికే లెక్కలు వేసుకుంటున్నాను. ఇంటికొచ్చి బూట్లు విప్పుకుంటూ ఆయన అన్నారు.

"నేను దగ్గితే ఎవరూ చూళ్లేదు. నువ్వు లేచి నిలబడ్డావు చూడు, అప్పుడు చూశారు."

"మీకేమన్నా అయితే?"

"అయితే అవుతుంది. నాకు తెలీదనుకుంటున్నావా?"

అంతే. జ్వరం రాలేదు. దగ్గు రాలేదు. తర్వాతి వారం థెరపిస్ట్‌కి చెబితే, దగ్గడం మంచి సూచన, ఇదివరకు లోపలికి పోయినా తెలిసేది కాదు కదా, ఇప్పుడు ఒంటికి తెలుస్తోంది, అంది. ఆ మాట విని ఆయన నా వైపు చూడలేదు. చూసి ఉంటే బాగుండేది. ఆ తర్వాత ఆయన పెట్టింది తినేవారు. ఉప్పు చాలిందా అంటే తల ఊపేవారు. ఇవాళ ఏం వండావు అని అడగడం మానేశారు. శుక్రవారాలు వచ్చి పోయేవి. పెళ్లయిన ఇన్నేళ్లలో మా ఇంట్లో వంట గురించి మాట లేకుండా రోజు గడవడం అదే మొదలు.

ఆయన ఇంకా సెలవులోనే ఉన్నారు. నేను పనికి పోయినప్పుడు మధ్యాహ్నం ఫోన్ చేసి మందులు వేసుకున్నారా అని కనుక్కునేదాన్ని. జూలైలో ఒక మంగళవారం ఫోన్ ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. స్ట్రోక్ వచ్చిన తర్వాత మా అమ్మాయి మా ఇద్దరి ఫోన్లలో ఒకరున్న చోటు ఒకరికి కనిపించేలా పెట్టింది. ఆ మ్యాప్ తెరిచి చూశాను. ఆయన చుక్క నీళ్ల మీద ఉంది. హార్బర్ మధ్యలో.

ఫెర్రీ అని అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. ఆ క్షణం ఎలా గడిచిందో నాకు ఇప్పటికీ చెప్పడం రాదు. చుక్క మెల్లగా హాలిఫాక్స్ ఒడ్డు చేరింది, ఒడ్డు వెంబడి కదిలింది, ఒకచోట ఆగింది. ఏ చోటో నాకు తెలుసు. సూపర్‌వైజర్‌కి చెప్పేసి, ల్యాబ్ కోటు తీసి కుర్చీకి తగిలించి బయటపడ్డాను.

ఆసుపత్రి ఉన్నది హాలిఫాక్స్ వైపే, అక్కడినుంచి ఒడ్డుదాకా అంతా దిగుడే. పొగమంచు కిందినుంచి పైకి పాకుతోంది, సన్నగా తుంపర పడుతోంది. హార్బర్ ముఖద్వారం దగ్గర, పొగమంచులో ఓడల్ని హెచ్చరించే బూర మోగుతోంది. ఆయన ఒక్కరే వెళ్లారు. పొడి తీసుకెళ్లారో లేదో. గడ్డం వంచుతున్నారో లేదో. ఎవరైనా పలకరిస్తే మాట్లాడుతూ మింగుతారు, ఆయన సంగతి తెలిసిందే. ఆ రోజు క్రూయిజ్ షిప్ వచ్చినట్టుంది, చెక్క పలకల దారంతా ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు వేసుకున్న జనం. ఐస్‌క్రీములు పట్టుకుని, ఫొటోలు తీసుకుంటూ, ఎక్కడికీ తొందర లేనట్టు నడుస్తున్నారు. ఎక్స్‌క్యూజ్ మీ, ఎక్స్‌క్యూజ్ మీ అంటూ వాళ్ల మధ్యలోంచి తోసుకుంటూ పోయాను. ఎవరి మోచెయ్యో తగిలి నా కళ్లజోడు పక్కకి జరిగింది, సరిచేసుకోలేదు.

హోటల్ గాజు గోడ దగ్గర ఆగాను. ఆయన కనిపించారు. గోడ పక్క టేబుల్, ఆ రోజు కూర్చున్నదే. నిటారుగా కూర్చున్నారు. ముందు ప్లేటు ఉంది. చెంచా ఎత్తారు, గడ్డం కిందకి వంచారు, మింగారు, ఇంకోసారి మింగారు. చెంచా కింద పెట్టారు. కాసేపు నీళ్ల వైపు చూశారు. మళ్లీ ఎత్తారు. అంత నెమ్మదిగా ఒక మనిషి తినడం నేను ఎప్పుడూ చూడలేదు. ఇంట్లో నా ఎదురుగా తినేటప్పుడు ఆయన తొందరగా తినేవారని, నా చూపులోంచి తప్పించుకోవడానికే అలా తినేవారని అప్పుడు తెలిసింది.

దగ్గు వచ్చింది. గాజుకి ఇవతల నాకు వినపడలేదు, భుజాలు కదలడం కనిపించింది. నా చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది. లోపల ఆయన చూపుడువేలు ఒకటి పైకెత్తి పట్టుకున్నారు, క్లాసులో పిల్లవాడిలా. దగ్గు ఆగింది. వేలు దించారు. టిష్యూతో నోరు తుడుచుకున్నారు. చుట్టూ తినేవాళ్లు తింటూనే ఉన్నారు.

తలుపు లోపలినుంచి తెరుచుకుంది. వానకి తడుస్తున్న బోర్డు లోపల పెట్టడానికి యజమానురాలు బయటికొచ్చింది. నన్ను చూసి ఆగిపోయింది. లోపలికి రమ్మంది. వద్దు, నేనొచ్చానని చెప్పొద్దు, అన్నాను. ఆవిడ తలుపు దగ్గరికి వేసి నా పక్కన చూరు కింద నిలబడింది.

ఆయన పోయిన వారమూ వచ్చారట, అంతకు ముందు వారమూ వచ్చారట. మీకు తెలుసని చెప్పారు, అంది. వేలు ఎత్తితే ఎవరూ దగ్గరికి రాకూడదు, దించకపోతేనే రావాలి, అని ఒప్పందమట. పొడి చొక్కా జేబులో కాగితం పొట్లంలా కట్టుకుని తెచ్చుకుంటారట, నీళ్లలో తనే కలుపుకుంటారట. ఇదంతా చెప్పి ఆవిడ నా మొహంలోకి చూసింది.

"ఇక పెట్టొద్దంటే పెట్టను. మీరు చెప్పండి."

నేను ఏం చెప్పాలి? గాజు వెనక ఆయన వంకాయ ప్లేటు అంచు చెంచాతో గీకుతున్నారు. వద్దు అంటే ఆవిడ పెట్టదు. ఈ ఒడ్డున ఇంకో హోటల్‌కి వెళతారు, అక్కడ వేలి సంగతి ఎవరికీ తెలియదు. పెట్టండి అంటే, ఏదైనా జరిగిన రోజున ఆ మాట అన్నది నేనే అవుతాను. వాన గాలికి పక్కనించి కొడుతోంది. ఆవిడ తొందరపెట్టలేదు.

"పెట్టండి," అన్నాను. "పైన శనగగింజలు మాత్రం వద్దు."

ఆవిడ తల ఊపి లోపలికి వెళ్లింది.

తిరిగి పనికి వెళ్లాలి. వెళ్లలేకపోయాను. అక్కడే ఉంటే లోపలికి వెళ్లిపోతానని భయమేసి, ఒడ్డు వెంబడి నడిచాను. పొద్దున్నుంచి ఏమీ తినలేదని ఎక్కడినుంచో మసాలా వాసన వస్తే తెలిసింది. అది మా ఆయన చేపల పులుసు తిన్న వియత్నాం వాళ్ల హోటల్. వాళ్లూ కిందకి వచ్చేశారు, నేను గమనించనే లేదు. లోపలికి వెళ్లి కూర్చుని, పెద్ద గిన్నెడు నూడుల్స్ చారు చెప్పాను. పల్చటి చారు, అందులో నూడుల్స్, మాంసం ముక్కలు, పచ్చి మొలకలు. మా ఇంట్లో నిషేధించినవన్నీ ఒకే గిన్నెలో ఉన్నాయి.

మొదట రుచి తెలియలేదు. ఫోన్ టేబుల్ మీద పెట్టుకుని చుక్క వైపు చూస్తూ తిన్నాను. సగం అయ్యాక నిమ్మచెక్క పిండుకున్నాను. పులుపు నాలుకకి తగిలి ఒళ్లు ఝల్లుమంది. ఆ తర్వాత కాసేపు ఫోన్ వైపు చూడలేదు. కూర్చుని, వేడిగా, నా ముందు నా గిన్నె పెట్టుకుని తిని ఎన్నాళ్లయిందో. కళ్లలోంచి నీళ్లు కారాయి, మిరపకాయ వల్ల అనుకుని ఉంటారు వాళ్లు. అడుగుదాకా తిన్నాను.

అప్పుడు ఫోన్ మోగింది.

"కాల్ చేసినట్టున్నావు," అన్నారు ఆయన. గొంతులో తడి శబ్దం లేదు. అది ముందు విన్నాను. "ఎక్కడున్నావు? ల్యాబ్‌లో ఇంత గోలేంటి?"

"తింటున్నానండి."

"ఏం తింటున్నావు?"

చెప్పాను. ఏ హోటల్ అని గానీ, ఎందుకు అని గానీ ఆయన అడగలేదు. నా చుక్క ఆయన ఫోన్‌లోనూ కనిపిస్తుంది మరి.

"తులసాకు వేశారా? వాళ్ల తులసి వేరేలా ఉంటుంది, సోంపు వాసన వస్తుంది."

"వేశారు."

"చారు ఎలా ఉంది, చెప్పు."

చెప్పాను. ఎముకల్ని ఎంతసేపు మరిగించారో అన్నట్టు చిక్కటి రుచి ఉందనీ, చూడ్డానికి మాత్రం పల్చగా ఉందనీ, పైన కాల్చిన ఉల్లిపాయ వాసన వస్తోందనీ. ఆయన మధ్యమధ్యలో ఊ కొడుతూ విన్నారు. ఆయన తినలేనిదాని గురించి ఆయనకి చెప్పకూడదని అన్నాళ్లూ అనుకున్నాను. ఆయన ఇంకా ఇంకా అడిగారు.

ఆ సాయంత్రం ఇంట్లో దాని గురించి ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. పక్కింటివాళ్లకి తెలియకుండా తప్పు చేసిన పిల్లల్లా ఉన్నాం. మర్నాడు పొద్దున ఆయన, ఇవాళ ఏం వండుతున్నావు, అన్నారు.

ఇది జరిగి ఏడాది దాటింది. అంతా బాగైపోయిందని రాస్తే అబద్ధమవుతుంది. అదే ఏడాది చలి మొదలైనప్పుడు ఆయనకి ఛాతీలో ఇన్‌ఫెక్షన్ వచ్చి కొన్ని రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. తిండి పక్కదారి పట్టడం వల్ల వచ్చిందా, ఊరందరికీ వచ్చిన జలుబే ముదిరిందా, డాక్టర్లు తేల్చి చెప్పలేకపోయారు. ఆ మంచం పక్కన కూర్చున్నప్పుడు ఆ హోటల్ గుమ్మంలో నేనన్న మాట నా చెవుల్లో మోగుతూనే ఉంది. ఇంటికొచ్చాక, ఇక వద్దు అని చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన నావైపు చూస్తూ కూర్చున్నారు. నేను చెప్పలేదు.

ఇప్పుడు శుక్రవారాలు మళ్లీ ఇద్దరం వెళుతున్నాం. నాకు కావాల్సింది నేను చెప్పుకుంటాను. ఆయన గొంతు వైపు చూడకుండా నా ప్లేటు వైపు చూడడం అలవాటు చేసుకుంటున్నాను. అలవాటు కాలేదు. ఆయన వేలు పైకి లేచినప్పుడల్లా నా చేతిలో ముద్ద అక్కడే ఆగిపోతుంది. వేలు దిగాక మళ్లీ నోటి దగ్గరికి వెళుతుంది.

ఒడ్డు చివర, చేపల గోదాము పడగొట్టిన చోట, ఇథియోపియా వాళ్లు కొత్తగా హోటల్ తెరిచారు. పుల్లటి అట్టు మీద రకరకాల కూరలు పోసి పెడతారు. పులిసిన దోసెలా ఉంటుందట, మెత్తగా, కూరలో నాని. అది ఆయన తినొచ్చో లేదో థెరపిస్ట్‌ని అడిగితే, ముందు ఎక్స్‌రే పరీక్ష ఇంకోసారి చేద్దాం, అంది. వచ్చే నెలలో చేస్తారు. నన్ను లోపలికి రమ్మంటారా, వెళ్తానా, ఆ తెర వైపు చూడగలనా, ఏమీ తెలియడం లేదు. నిన్న పొద్దున లేచి చూస్తే ఆయన ఆ హోటల్ మెనూ ఫోన్‌లో తెరుచుకుని, ఒక్కో కూర పేరూ మెల్లగా, స్పష్టంగా పలకడం ప్రాక్టీస్ చేస్తున్నారు.